ఉరి గది నుంచి చీడికాడ దాకా

లాయరమ్మ ఫోను శుక్రవారం సాయంత్రం వచ్చింది. హైకోర్టు కాగితం జైలుకి చేరిందట. "రేపు మీ తమ్ముణ్ణి వదిలేస్తారు. పెందలాడే బయల్దేరండి. ఏదైనా అడ్డం వస్తే మళ్ళీ సోమవారం దాకా ఆగాలి" అంది. ఉరిశిక్ష కొట్టేశాక ఇంకా ఏం అడ్డం వస్తుందని అడిగాను. "మనిషి గేటు దాటేదాకా నేను దేన్నీ నమ్మను" అంది. ఆవిడ మా దగ్గర ఫీజు తీసుకోకుండా కేసు నడిపిన మనిషి. అలాంటి ఆవిడే నమ్మనంటే నేనెలా నమ్మను?

మా గూడెం చీడికాడకు పైన, కొండ మీద. తెల్లవారుతూనే దిగి షేర్ ఆటో పట్టుకున్నాను. ఎనిమిది గంటలకి చోడవరం బస్సు కాంప్లెక్సులో ఉన్నాను. సంచిలో తమ్ముడికి ఒక చొక్కా, లుంగీ, కొత్త చెప్పులు, సీసాలో చోడి అంబలి, అదే రాగి జావ. వాణ్ణి పట్టుకెళ్ళిన రోజుల్లో ఏ బస్సు ఎటు పోతుందో పదిమందిని అడిగి తిరిగేదాన్ని. ఆ తర్వాతే సంఘం ఆడవాళ్ళతో కూర్చుని అక్షరాలు దిద్దాను. ఇప్పుడు బోర్డు నేనే చదువుకుని, సబ్బవరం మీదుగా విశాఖ వెళ్ళే బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి డబ్బులక్కర్లేదు. కిటికీ పక్క సీటు కూడా దొరికింది.

దారి పొడవునా చెరకు మోకాలెత్తు ఎదిగి ఉంది. మా వాడి కథ అలాంటి తోటలోనే మొదలైంది.

తమ్ముడి పేరు సన్నిబాబు. నరుకుడు రోజుల్లో కొండ దిగి కింది ఊళ్ళలో చెరకు కొట్టేవాడు. మా గూడెంలో ఒక ఆచారం ఉంది. కొత్త పంట మీద కత్తి పెట్టే ముందు అమ్మవారికి కోడిని కోసి, ఆ రక్తం కత్తి పిడి దగ్గర రాస్తాం. నరుకుడు అయ్యేదాకా దాన్ని కడగకూడదు. ఆ మొక్కు సంగతి గూడెం బయట ఎవరికీ చెప్పకూడదు. చెబితే కత్తి పట్టినవాడి చెయ్యి తెగుతుందని మా నమ్మకం.

వాణ్ణి పట్టుకెళ్ళిన ఏడు, వాడు పనిచేసే తోట యజమానినీ ఆయన భార్యనూ మోటారు షెడ్డులో ఎవరో నరికి చంపారు. తోటలో పదిమంది కత్తులు పట్టుకుని పనిచేస్తున్నారు. అందులో కొండవాడు నా తమ్ముడొక్కడే. పోలీసులు మిగతావాళ్ళ కత్తులు చూడను కూడా చూడలేదు. "ఈ రక్తం ఎవరిది?" అని వీణ్ణి అడిగారు. వీడు "సెప్పకూడదు బాబూ" అన్నాడు. ఎన్నిసార్లు కొట్టి అడిగినా అదే మాట. ఆ మాటే వాడి నేరం ఒప్పుకోలు అయింది. కింది కోర్టులో, కొండవాళ్ళకి కోపం వస్తే మనిషీ గొడ్డూ ఒకటేనని ఒక సాక్షి చెబితే ఎవరూ ఆపలేదు. ఆ రక్తం మనిషిదేనా అని ఎవరూ పరీక్ష చేయించలేదు. ఉరిశిక్ష వేశారు.

లాయరమ్మ అప్పీలుకి వచ్చాక మా గూడేనికి నడిచి ఎక్కి వచ్చింది. అప్పుడు మా పూజారి అందర్నీ కూర్చోబెట్టి, "గుంటడి పేణం కంటే అమ్మోరికి మన మాట ఎక్కువేటి? సెప్పండర్రా" అన్నాడు. మా నోళ్ళు అప్పుడు తెరుచుకున్నాయి. హైకోర్టు కత్తిని పరీక్షకు పంపించింది. కోడి రక్తమని తేలింది. దీనికి ఆరేళ్ళు పట్టింది.

జైలుకి వెళ్ళేవాళ్ళు విశాఖ దాకా పోనక్కర్లేదు. పెందుర్తిలో దిగి, సింహాచలం మీదుగా హనుమంతవాక వెళ్ళే సిటీ బస్సెక్కితే అడివివరంలో జైలు దగ్గర దింపుతారు. పెందుర్తిలో ఇడ్లీ తీసుకున్నాను గాని ఒకటే దిగింది. గేటు దగ్గరికి చేరేసరికి పదిన్నర. సెల్‌ఫోను లోపలికి రానివ్వరు, ఎదురుగా ఉన్న టీకొట్టులో ఇచ్చుకోవాలి.

కానిస్టేబులు నా కార్డు చూసి లోపలికి వెళ్ళి వచ్చాడు. "కాగితం వచ్చిందమ్మా. ఇంకో కేసేదైనా ఉందేమో సూస్తన్నారు. అలాగెళ్ళి కూకో."

"ఇంకో కేసేటి బాబూ? ఈ కేసే వాడిది కాదు."

"నాకు తెల్దమ్మా. పెద్దోళ్ళు సూడాల."

లాయరమ్మ చెప్పిన అడ్డం ఇదేనేమో అనుకున్నాను. మధ్యాహ్నం అయింది. రోడ్డు పక్కన అనాసపళ్ళు రాశి పోసుకుని ఒక ముసలమ్మ అమ్ముతోంది. ఆమె గొడుగు నీడలో నిలబడ్డాను.

"ఎవుల కోసమొచ్చేవు?" అంది.

"తమ్ముడు. వదిలేస్తారంట."

"ఏ కేసు?"

"ఉరి."

ఆమె చేతిలో కత్తి ఆగిపోయింది. "ఓలమ్మో! ఇన్నేళ్ళ నుంచి ఇక్కడే అమ్ముకుంటన్నాను. ఉరి పడ్డోడు బయటికి రావడం నేనెప్పుడూ సూళ్ళేదే!"

"మావోడొస్తాడు."

"అయితే కూకో. నువ్వలా గేటుకేసి గుడ్లప్పగించి సూస్తే, ఆళ్ళింకా ఆలీసం సేస్తారు" అని పీట జరిపింది. ఉప్పూ కారం అద్దిన అనాస ముక్క చేతిలో పెట్టింది. డబ్బులివ్వబోతే, "ముందు ఆణ్ణి రానీ" అంది.

మూడు దాటాక పెద్ద గేటులో ఉన్న చిన్న తలుపు తెరుచుకుంది. సన్నిబాబు వట్టి కాళ్ళతో వంగి బయటికి వచ్చాడు. జుట్టు సగం నెరిసింది. నాలుగడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగి చూశాడు. మళ్ళీ రెండడుగులు వేసి మళ్ళీ ఆగాడు. వెనక్కి పిలిచారేమో అనుకున్నాను.

కానిస్టేబులు నవ్వాడు. "ఎల్లు బాబూ. ఇంక నీ ఎనక ఎవులూ రారు."

ఉరి గదిలో ఉన్నవాణ్ణి కాపలా లేకుండా ఎక్కడికీ కదలనివ్వరట. వాడు కాపలావాడి కోసం ఆగుతున్నాడు.

"అప్పా" అన్నాడు నా దగ్గరికొచ్చి. మా వైపు అక్కని అలాగే పిలుస్తాం. ఇద్దరమూ ఏడవలేదు. అంబలి సీసా ఇస్తే ఎత్తిన సీసా దించకుండా తాగి, "ఉప్పెక్కువేసేవు" అన్నాడు. ఆ వంక వినగానే వాడు మా వాడేననిపించింది. ముసలమ్మ డబ్బులు తీసుకోలేదు సరికదా, ఒక పండు సంచిలో పడేసింది.

పెందుర్తిలో చోడవరం బస్సు ఎక్కాం. కండక్టరు నాకు సున్నా టికెట్టు కొట్టి, తమ్ముడి దగ్గర చెయ్యి చాపాడు.

"మా అప్పకి ఊరికే ఇచ్చేవు కదా?" అన్నాడు వాడు.

"ఆడోళ్ళకి ఫ్రీ. నువ్వు మగోడివి కాదేటి? ఎక్కడున్నావయ్యా ఇన్నాళ్ళూ?"

"జైల్లో" అన్నాడు దాపరికం లేకుండా.

కండక్టరు నా దగ్గర డబ్బులు తీసుకుని టికెట్టు కొట్టాడు. ముందు సీట్లో ఒకావిడ పూర్తిగా వెనక్కి తిరిగింది. "ఏటి సేసేవు?"

"ఏటీ సెయ్యలేదమ్మా."

"ఏటీ సెయ్యకపోతే ఎందుకెట్టేరు?"

"కోడి రగతాన్ని మనిషి రగతమనుకున్నారు. మేం కొండోళ్ళం" అన్నాను నేను.

ఆవిడ వాణ్ణి కింద నుంచి పై దాకా చూసింది. "ఏటీ సెయ్యనోడికి ఇన్నేళ్ళా! మా ఆయన సెయ్యందంటూ ఏదీ నేదు. ఒక్క పూటకైనా పట్టుకెళ్ళరే!" అంది. బస్సంతా నవ్వింది. తమ్ముడు కూడా నవ్వాడు. నవ్వుతూనే కిటికీ వైపు తిరిగాడు. సబ్బవరం దాకా తల ఇటు తిప్పలేదు.

ఆ భార్యాభర్తల్ని చంపిందెవరో ఈనాటికీ తేలలేదు. వాళ్ళ పిల్లలు ఈ దారి పక్క ఊళ్ళోనే ఉన్నారు. ఆ ఊరి మలుపు వచ్చినప్పుడు ఇద్దరం అటే చూశాం.

చోడవరంలో దిగేసరికి మబ్బు పట్టింది. చీడికాడ ఆటో అప్పటికే నిండి ఉంది. తమ్ముడు దూరంగా నిలబడిపోయాడు. "నడిసెల్దామప్పా."

"పిచ్చా నీకు? ఎంత దూరం!"

"నన్ను గుర్తుపడితే ఆళ్ళు దిగీసెల్తారు."

నాకూ ఆ భయం ఉంది. ఇటువైపు వాడి ఫొటో పేపర్లో చూడనివాళ్ళు లేరు. అనుకున్నంతా అయింది. ఆటోలోంచి బుచ్చెయ్యపేట పెద్దాయన ఒకడు తల బయటపెట్టి, "నువ్వు సన్నిబాబువి కాదూ? ఆ సెరకుతోట కేసు?" అన్నాడు.

తమ్ముడు ఒకడుగు వెనక్కి వేశాడు. "అవును బాబూ."

"కొట్టేసేరంట కదా. మా మనవడు ఫోన్లో సదివేడు. మరక్కడ నిలబడ్డావేటి? వాన వచ్చీసేలాగుంది, ఎక్కు!"

ఎవరూ దిగలేదు. డ్రైవరు "జరగండర్రా, సర్దుకోండి" అని అరిచాడు. నన్ను ఆడవాళ్ళ మధ్య ఇరికించి, వాణ్ణి నా ఎదుటి చెక్క సీటు మీద కూర్చోబెట్టాడు.

జైలు నుంచి ఇంటికి మూడు బళ్ళు మారాలి. నా లాంటి పని మీద ఎవరైనా వెళ్తే పొద్దున్నే వెళ్ళండి, చెప్పులు మరిచిపోకండి, మనిషి కనబడేదాకా గేటు వదలకండి. లోపలికి వెళ్ళడానికి వాడికి ఒక్క మాట చాలింది. బయటికి రావడానికి మా గూడెమంతా మాట్లాడాల్సి వచ్చింది.

వాన మొదలైంది. డ్రైవరు పరదా దించాడు. తమ్ముడికి ఒక పక్క పెద్దాయన భుజం, ఇంకో పక్క ఎవరిదో ఎరువు బస్తా, ఒళ్ళో ఎవరి పిల్లో. గుంతలో పడ్డప్పుడల్లా అందరం ఒకరి మీద ఒకరు పడుతున్నాం.

"ఊపిరాడతందా?" అని అడిగాను.

"ఆడ్డం లేదప్పా" అన్నాడు. "బాగుంది."