నేనడిగినా పసుపు ఇయ్యకు

నా చిన్నప్పుడు మా మందమర్రి బొగ్గుబాయి క్వార్టర్ల లైనులో ఏ పిల్ల జబ్బ మీదా టీకా మచ్చ ఉండేది కాదు. మశూచి టీకాలు వేసే ఆయన రాకేం కాదు. ఏటా వచ్చేవాడు, గీకేవాడు, పోయేవాడు. ఆయన సైకిలు మలుపు తిరిగేలోపే మా బాపమ్మ తడి కొంగుతో మందంతా తుడిచేసి, వేపాకుతో నూరిన పసుపు అద్దేది. బాపమ్మ అంటే మా బాపును కన్న తల్లి. ఆమె కన్న ఇంకో బిడ్డ మశూచితోనే పోయింది. సూది గుచ్చి మరీ పిలిస్తే పోచమ్మతల్లి రాకుండా ఉంటుందా అన్నది ఆమె భయం. లైనులోని తల్లులంతా పిల్లల్ని చంకనేసుకుని మా వాకిట్లోకే ఉరికొచ్చేవారు. మచ్చలేని జబ్బలు తయారుచేసే కార్ఖానా అన్నమాట మా ఇల్లు.

పక్కింటి అక్క కూడా ఆ కార్ఖానా సరుకే. నేను బడి ఎగ్గొట్టడంలో ఎంత శ్రద్ధ చూపేదాన్నో, ఆమె బడికి పోవడంలో అంత శ్రద్ధ చూపేది. అలా చదివి చదివి కరీంనగర్ కాలేజీలో సీటు తెచ్చుకుంది. మా లైను నుంచి కాలేజీకి పోయే మొదటి ఆడపిల్ల. అయితే మశూచి టీకా పడినట్టు డాక్టరు సంతకం పెట్టిన కాగితం తెస్తేనే హాస్టల్లో చేర్చుకుంటామన్నారు వాళ్లు.

దవాఖాన డాక్టరు అక్క జబ్బలు రెండూ తిప్పి చూసి, మచ్చ లేకుండా సంతకం ఎట్లా పెడతానన్నాడు. అప్పటికప్పుడు టీకా వేశాడు. పొక్కు పొంగితే రమ్మన్నాడు. తుడవొద్దు, గోకొద్దు, పసుపు పెట్టొద్దు అని మరీ మరీ చెప్పాడు. హాస్టల్లో చేరే గడువు దగ్గరపడింది. ఈ టీకా పొంగకపోతే మళ్లీ వేయించుకుని మళ్లీ ఆగేంత సమయం లేదు. హాస్టల్ దొరక్కపోతే చదువు ఇంతటితో బందు అని అక్క వాళ్ల బాపు ఒకే మాట చెప్పేశాడు.

ఇక చూడాలి లైను అవస్థ. బొగ్గుబాయిలో గని పనికి పోయేవాళ్లు టిఫిను డబ్బా పట్టుకుని ముందుగా అక్క వాకిట్లో ఆగేవారు.

"పొంగిందా పిల్లా?"

"ఇంకా లే చిన్నాయనా."

పొయ్యి మీద పాలను అడిగినట్టు అడిగేవారు. అక్క కూర్చునేది కాదు, నిలబడేది కాదు. ట్రంకుపెట్టె సర్దేది, అంతా బయటపడేసి మళ్లీ సర్దేది. ఆమె చెయ్యి మాటిమాటికీ జబ్బ మీదికి పోయేది.

అందరికంటే ఎక్కువ అల్లాడింది బాపమ్మ. వాళ్ల గడపదాకా పోయి తిరిగొచ్చేది. చేతిలో వేపకొమ్మ ఉండేది, ఎందుకు తెంపిందో తనకే తెలిసేది కాదు. చివరికి ఒక మధ్యాహ్నం పసుపు డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"గిది నీ దగ్గర వెట్టుకో బిడ్డా. నేనడిగినా ఇయ్యకు. తిట్టినా ఇయ్యకు, ఏడ్సినా ఇయ్యకు. గా పిల్లకు మచ్చ లేకుంట జేసింది నేనే. మల్లా గదే జేస్తనేమో."

బెల్లం డబ్బా దగ్గరికి కూడా నన్ను రానివ్వని మనిషి ఆమె. నేను ఆ డబ్బా చంకన పెట్టుకుని తిరిగాను, పక్కలో పెట్టుకుని పడుకున్నాను. పప్పులో చిటికెడు పసుపు వెయ్యాలన్నా నన్ను కన్న మా అవ్వే నన్ను బతిమాలుకోవాల్సి వచ్చింది. అప్పట్లో నన్ను మించిన ఆఫీసరు కాలనీలో లేడు.

ఇంతలో ఒక పొద్దున అక్కకు ఒళ్లు కాలిపోయింది. జబ్బ ఎర్రగా వాచింది. చూసొచ్చిన బాపమ్మ మొహంలో నెత్తురు లేదు. పోచమ్మతల్లి వచ్చేసిందని గొణుక్కుంటూ నా ముందు చెయ్యి చాపింది. ఇవ్వలేదు. నా నోట్లో మన్ను పడాలని తిట్టింది. ఇవ్వలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగేసరికి మాత్రం నా చెయ్యి డబ్బా మూత మీదికి పోయింది. ఇచ్చెయ్యడమే సులువు. ఏం చెయ్యాలో తోచక నాకొచ్చిన ఒకే ఒక విద్య, బడి ఎగ్గొట్టే సాకుల విద్య, బయటికి తీశాను.

"ఇయ్యరాదు బాపమ్మా. ఎవలో ముసలామె వద్దన్నది. ఆమెకు చానా కోపం. ఇస్తే నా ఈపు పలగ్గొడ్తది."

బాపమ్మ నవ్వింది. కళ్లు తుడుచుకోకుండానే నవ్వింది. గడపలో కూలబడి, తన చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని పొద్దుగూకేదాకా అక్కణ్నుంచి లేవలేదు.

తెల్లారి చూస్తే అక్క జబ్బ మీద జొన్నగింజంత పొక్కు, నీరు నిండి మెరుస్తోంది. లైనులో పండగే. డాక్టరు సంతకం పెట్టాడు, అక్క కరీంనగర్ బస్సెక్కింది. ఆ మరుసటి ఏడు టీకాలాయన సైకిలు దిగేసరికి బాపమ్మ నన్నే అందరికంటే ముందు నిలబెట్టింది. గీకేటప్పుడు తన కొంగును మా అవ్వ చేతికిచ్చి గట్టిగా పట్టుకొమ్మంది. ఆ మచ్చ ఇంకా నా జబ్బ మీదే ఉంది.

మొన్న మా మనవరాలికి కరీంనగర్‌లోనే నర్సింగ్ కాలేజీలో సీటొచ్చింది. టీకాలు వేయించుకున్నట్టు సర్టిఫికెట్ లేనిదే వార్డులోకి రానివ్వరట. పసితనం నాటి కార్డు ఎక్కడ పోయిందో పోయింది. కొన్ని సూదులు మళ్లీ వేయించుకోవాలి. నేనేమో బడి మానేశాను గానీ, ఫోనులో టీకాల మీద వచ్చే భయాలు చదవడం మాత్రం మానలేదు. రాత్రంతా అటూ ఇటూ దొర్లాను. అందుకే పొద్దున్నే పిల్లను పిలిచి, బాపమ్మ కథ చెప్పి, నేను వద్దన్నా వినొద్దన్నాను.

తీరా ఆటో వాకిట్లోకి వచ్చేసరికి నా నోరు ఆగలేదు.

"రేపు పోదాం తియ్యే. ఇయ్యాల మంగళారం."

అది చెప్పులు తొడుక్కుంటూ తల కూడా ఎత్తలేదు.

"ఎవలో ముసలామె వినొద్దన్నది అమ్మమ్మా."

ఆటో పోయింది. నేను గడపలో కూర్చుని చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాను. భయం నన్ను వదిలింది లేదు, ఈ వయసులో వదులుతుందన్న ఆశా లేదు. ఆ భయం వచ్చేలోపే డబ్బా ఎవరి ఒళ్లో పెట్టాలో మాత్రం ఆనాటి నుంచీ నాకు తెలుసు.