జవాబు వచ్చేదాకా బండి కదలదు

నీలవేణి టీచరు పద్నాలుగేళ్లుగా వచ్చీపోయేవాళ్ల పుస్తకంలో సంతకం పెడుతోంది. టీచర్ల హాజరు పట్టీలో ఆమెకు గడి లేదు. ఏటా జూన్‌లో పిలిస్తే వచ్చే అతిథి శిక్షకురాలు అన్నారు కాబట్టి, గ్యాస్ సిలిండరు తెచ్చినవాడూ ఫ్యాన్లు బాగుచేయడానికొచ్చినవాడూ సంతకం చేసే చోటే ఆమె కూడా చేస్తుంది. ఆమె పాఠం చెప్పే రెండో తరగతి హాజరు పట్టీ అట్ట మీద ఉన్న పేరు రాంప్రసాద్ గారిది. ఆయన ఏనాడో ఆఫీసు పనికి వెళ్లిపోయారు. ఇదేమిటని నీలవేణి ఎవరినీ అడగలేదు. అడిగితే వచ్చే జూన్‌లో పిలవరేమోనని భయం.

బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్ల చివర ఉంది ఆ సర్కారు బడి. జూన్ పదహారున తెరిచారు. హెడ్మాస్టరు జయప్రకాష్ మొదటి రోజే హిందీలో చెప్పేశారు.

"మేడమ్, ఆ భానుప్రియ పోయినేడాదంతా హాజరు కూడా పలకలేదు. శనివారం దాకా చూద్దాం. అప్పటికీ పలక్కపోతే మళ్లీ ఒకటిలో కూర్చోబెడదాం."

రెండో తరగతి పిల్లని వెనక్కి పంపడానికి చట్టం ఒప్పుకోదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. పట్టీలో గడే లేని మనిషి చట్టం గుర్తుచేస్తే ఎవరు వింటారు?

భానుప్రియ నాయనమ్మ అప్పయమ్మ ఆ సాయంత్రం నీలవేణిని గేటు దగ్గర పట్టుకుంది. "ఇంటికాడ ఈ గుంట గొంతు ఆగదమ్మా. బళ్లోకొస్తే ఏటవుతాదో, నోరు పెగల్దు. మల్లీ ఒకటిలో ఏస్తే ఇంక బడికే రానంటాది. నానేటి సెయ్యను?"

"నువ్వేటీ సెయ్యకత్తా. ఈ వారం నాకొదిలెయ్."

నీలవేణి తండ్రి చిన్నారావు లోకో పైలట్‌గా రిటైరయ్యారు. ఇంజిన్‌లో ఇద్దరుంటారు. సిగ్నల్ కనబడగానే ఒకరు దాని పేరూ రంగూ గట్టిగా పలకాలి, రెండోవారు అదే తిరిగి పలకాలి. "పక్కోడు పలకనంతసేపూ నువ్వు సెప్పినట్టు కాదమ్మా" అంటారాయన. ఆ పద్ధతినే ఆమె ప్రతి జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం తరగతిలో పెడుతుంది. పిల్లలు జంటలు. మధ్యాహ్నం అన్నానికి వెళ్లే వరస ఒక రైలు. ముందున్న జంటలో ఒకరు "తలుపు, గ్రీన్" అనాలి, రెండోవారు "గ్రీన్" అనాలి. అప్పుడే బండి కదులుతుంది.

గురువారం దిలీప్, భానుప్రియల వంతు వచ్చింది. దిలీప్ మంగ్లా బస్తీ నుంచి వస్తాడు, నోరు ఊరుకోదు. "తలుపు, గ్రీన్" అన్నాడు. భానుప్రియ నేల చూస్తోంది. వరండాలోంచి పప్పు వాసన వస్తోంది. మిగతా తరగతులవాళ్లు తినడం మొదలుపెట్టారు. ఇవాళ్టికి వదిలేద్దామని నీలవేణి నోరు తెరవబోయింది. అంతలో వెనక ఎవడో తోశాడు.

"ఏయ్, సిగ్నల్ రాలేదు. ఇంజిన్‌ని గుద్దుతావా?" అన్నాడు దిలీప్.

"ఆకలేస్తోందిరా."

"గూడ్సు బండి గంటలు గంటలు ఆగుతుంది. అదేమైనా ఏడుస్తుందా?"

తర్వాత ఎవరూ తోయలేదు. ఆరేడేళ్ల పిల్లలు ముప్పై మంది, కడుపులు కాలుతుండగా, ఒక్క పిల్ల గొంతు కోసం నిలబడ్డారు. ఒక్కరూ నవ్వలేదు. తిరిగి పలకమని నీలవేణి నేర్పింది గానీ, ఇలా ఆగమని ఎవరికీ చెప్పలేదు.

చాలాసేపటికి భానుప్రియ కుడిచెయ్యి ఎత్తింది.

"చెయ్యి చెల్లుతుందా టీచర్?" అన్నాడు దిలీప్.

"ఇవాళ్టికి చెల్లుతుంది."

శుక్రవారం వేరే జంట వంతు. వాళ్లు తప్పుకుని దిలీప్‌నీ భానుప్రియనీ ముందుకు తోశారు. ఆ రోజూ చెయ్యే.

శనివారం జయప్రకాష్ పట్టీ పట్టుకుని వచ్చారు. భానుప్రియ పేరు పిలిచారు. జవాబు లేదు. మళ్లీ పిలిచి, కలం మూత తీశారు.

"సర్, జంటవాడు పిలవాలి" అన్నాడు దిలీప్. ఆయన వద్దనేలోపే లేచి, "భానుప్రియ, గ్రీన్" అన్నాడు.

దిలీప్ కూర్చోలేదు.

"గ్రీన్" అంది భానుప్రియ. కిటికీ అవతలి రైలు పెట్టెల షంటింగ్ చప్పుడులో కలిసిపోయేంత చిన్న గొంతు. అయినా అందరికీ వినబడింది.

ఆ పిల్ల అంతటితో ఊరుకోలేదు. లేచి టీచరు వైపు తిరిగి, "నీలవేణి టీచర్, గ్రీన్" అంది.

పద్నాలుగేళ్లలో హాజరు వేళ ఆమె పేరు పలికినవాళ్లు లేరు. జవాబు చెబుదామంటే నీలవేణికి గొంతు రాలేదు. జయప్రకాష్ ఏదో అనబోయారు.

"ఆగండి సర్, సిగ్నల్ రాలేదు" అన్నాడు దిలీప్.

గురువారం ఆ పిల్ల కోసం ఆగినట్టే ఇప్పుడు టీచరు కోసం తరగతంతా ఆగింది. హెడ్మాస్టరు కూడా ఆగారు.

"గ్రీన్" అంది నీలవేణి.

జయప్రకాష్ రెండో తరగతి పట్టీలోనే భానుప్రియకు హాజరు వేశారు. టీచరుకి వేయడానికి గడి లేదు. బడి వదిలాక ఆమె ఎప్పటిలాగే వచ్చీపోయేవాళ్ల పుస్తకంలో సంతకం చేసి వెళ్లింది.

ఇది చదివినవాళ్లు ఒక పని చేయండి. ఈ వారంలోనే మీకు దగ్గరున్న సర్కారు బడికి వెళ్లండి. పాఠం చెబుతున్న మనిషి పేరేమిటో, పట్టీ మీద ఉన్న పేరేమిటో అడగండి. రెండూ ఒకటి కాకపోతే, పాఠం చెప్పే మనిషి పేరు పట్టీలోకి ఎక్కించమని దరఖాస్తు రాసి జిల్లా విద్యాశాఖ ఆఫీసులో ఇచ్చి, రసీదు తీసుకోండి. నలుగురు కలిసి వెళ్తే మంచిది. జవాబు వెంటనే రాదు. వచ్చేదాకా, ఆ రెండో తరగతి పిల్లల్లాగే, వరస చెదరకుండా నిలబడండి.