స్వరూపక్క వెతికిన రెండో ఆల్బమ్

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగగానే ఒక మిర్చి బజ్జీల బండి ఉంటుంది. శనగపిండిలో ముంచిన మిరపకాయ నూనెలో పడగానే ముందు చుయ్యిమంటుంది, ఆ తర్వాత మూకుడంతా సన్నగా చిటపటలాడుతుంది. మొన్న సాయంత్రం ఆ చప్పుడు దగ్గర ఆగిపోయాను. తినాలనిపించి కాదు. పాత గ్రామఫోన్ రికార్డు మీద ముల్లు పెట్టాక, సంగీతం మొదలవడానికి ముందు వచ్చే చప్పుడు అచ్చం అలాగే ఉంటుంది. ఆ చప్పుడును దాటెయ్యకూడదని, దాన్నీ వినాలని నాకు నేర్పిన మనిషి పేరు స్వరూప. ఆ బండికి ఎదురుగా, ఇప్పుడు బట్టల షోరూమ్ ఉన్న భవనం మూడో అంతస్తులో, ఒకప్పుడు ఆమె నా పై అధికారి.

మేం చేసింది మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక వివరాలన్నీ నోటితో చెప్పి రికార్డు చేసి పంపుతారు. ఇక్కడ మేం హెడ్‌ఫోన్లు పెట్టుకుని అది విని టైపు చెయ్యాలి. డిగ్రీ అవగానే నేను అందులో చేరాను. మాది కృష్ణా జిల్లా; నాన్న వ్యాపారం కోసం వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడ్డారు. స్వరూప గారిది నల్లగొండ దగ్గర పల్లె. మీర్‌పేట్‌లో కిరాయికి ఉండేవారు, భర్త సిటీ బస్సు కండక్టరు. మేం టైపు చేసిన ప్రతి ఫైలునూ మళ్లీ విని తప్పులు దిద్దడం ఆమె పని. చేరిన కొత్తలోనే నన్ను పిలిచి ఒక మాట మీద వేలు పెట్టారు.

“గిది నీకు ఇనబడ్డదా?”

“సరిగ్గా వినపడలేదండీ. అదే అయ్యుంటుందనుకుని రాశాను.”

“అనుకునుడు గాదు. ఇనబడకపోతే ఖాళీ వదులు. నువ్వు అనుకొని రాసిన మందు గాడ ఎవరో మింగుతరు.”

తిట్టినట్టు అనలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, ఆ మాట నాకు తెలిసేదాకా అదే చోటు మళ్లీ మళ్లీ వినిపించారు.

ఆమెకు ఆ సంగీతం దొరికింది కూడా అలాంటి ఒక మాట దగ్గరే. ఎవరో ముసలి డాక్టరు ఇంట్లో పాటలు పెట్టుకుని రికార్డు చేసేవాడట. వెనకాల సంగీతంలో ఒక మాట మునిగిపోతే, దాన్ని పట్టుకోవడానికి ఆమె పదే పదే విన్నారు. మాట దొరికింది గానీ, వెనకాల మోగిన ఆర్గన్ ఆమెను వదల్లేదు. ఇంటర్నెట్‌లో వెతికి వెతికి అది డెబ్బైల నాటి ఇటలీ ప్రోగ్రెసివ్ రాక్ అని తెలుసుకున్నారు. రాక్ సంగీతమే, కానీ మూడు నిమిషాల్లో అయిపోయే పాట కాదు. రికార్డుకు ఒక పక్కంతా ఒకే పాట. చర్చి ఆర్గన్, వేణువు, ఎలక్ట్రిక్ గిటారు కలిసి ఒక పెద్ద కథ చెబుతున్నట్టు, ఒకచోట పరుగెత్తుతూ, ఒకచోట ఊరికే నిలబడిపోతూ సాగుతుంది. అందులోనూ పేరున్న బృందాలంటే ఆమెకు పెద్ద ఆసక్తి లేదు. చిన్న చిన్న ఊళ్ల కుర్రాళ్లు కూడి ఒకే ఒక్క ఆల్బమ్ చేసి, అది అమ్ముడుపోక, తలో దిక్కుకూ పోయినవాళ్లు కావాలి. “పేరున్నోళ్లను అందరు ఇంటరు. గీళ్లను మనం గాక ఎవరింటరు?” అనేవారు. ఎక్కడెక్కడి వాళ్లో తమ దగ్గరున్న రికార్డులను కంప్యూటర్‌లోకి ఎక్కించి బ్లాగుల్లో పెట్టేవారు. ఆమె నెట్ సెంటర్‌లో కూర్చుని వాటిని ముక్కలు ముక్కలుగా దింపుకునేవారు. ఆఖరి ముక్క దగ్గర కరెంటు పోయేది. మర్నాటికి ఆ లింకే ఉండేది కాదు.

ఒకరోజు లంచ్ వేళ తన హెడ్‌ఫోన్లు నా తలకు తగిలించారు. చిటపటలు తప్ప ఏమీ రాకపోతే ముందుకు జరపబోయాను. చెయ్యి పట్టుకుని ఆపారు.

“జరపకు. ఇటలీల ఎవరో ఇంట్ల కూసొని రికార్డు మీద ముల్లు వెట్టిన సప్పుడది. గది గూడ ఇను. చేతులు ఒళ్లె వెట్టుకో. అయిపొయ్యేదాక ఇంకో పని జెయ్యకు.”

మొదటిసారి నాకు గోలలా ఉంది. మళ్లీ విన్నప్పుడు గోలలోంచి వేణువు విడిగా వచ్చింది. ఇంకోసారి విన్నప్పుడు ఏడుపొచ్చింది. పాడేవాడి భాష మా ఇద్దరికీ రాదు. ఎందుకు ఏడుస్తున్నావని ఆమె అడగలేదు. ఆ రోజు నుంచి స్వరూప గారు నాకు స్వరూపక్క అయింది.

అన్నిటికంటే ఆమెకు ప్రాణమైన ఆల్బమ్ అట్ట మీద ఒక నీలం తలుపు బొమ్మ ఉండేది. సముద్రం ఒడ్డున ఏదో ఊరి కుర్రాళ్లు ఐదుగురు చేసింది. వాళ్లు రెండో ఆల్బమ్ కూడా రికార్డు చేశారని, కంపెనీ మూతపడి అది బయటికి రాలేదని ఎవరో ఒక బ్లాగులో రాశారు. ఆ టేపు ఎక్కడో ఉందన్న మాటే ఆమెకు చాలు. కొత్త బ్లాగు కనబడితే చాలు, ముందు అదే వెతికేది. “మనోళ్లది దొరుకుతది సూడు” అనేది, తప్పిపోయిన చుట్టాల గురించి చెబుతున్నట్టు.

తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. వారానికో బంద్. బస్సులు తిరగకపోతే ఆమె మీర్‌పేట్ నుంచి, నేను ఎల్బీనగర్ నుంచి నడిచి వచ్చేవాళ్లం. మా ఇంట్లో భోజనాల దగ్గర నాన్నకు ఒకటే దిగులు: “విడిపోతే మన పరిస్థితి ఏంటి?” ఆఫీసులో మావాళ్లు ఒక బల్ల దగ్గర, ఇక్కడివాళ్లు ఒక బల్ల దగ్గర తినడం మొదలైంది. అక్క మాత్రం నా పక్కనే కూర్చునేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

“తెలంగాణ వస్తే మమ్మల్ని వెళ్లిపొమ్మంటారా అక్కా?”

అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. “నిన్నెవరు పొమ్మంటరే? మా నీళ్లు మాకు గావాలె, మా కొలువులు మాకు గావాలె. మా తమ్ముడు ఎంఏ జదివి ఇంట్ల కూసున్నడు. గందుకు అడుగుతున్నం. నీతోటి నాకేం పంచాది?”

ఆ మధ్యాహ్నమే కింద రోడ్డు మీద ధూంధాం మొదలైంది. లారీ మీద డప్పులు, ఒక అమ్మాయి పాట, వేలమంది జనం. మేమంతా కిటికీల దగ్గర చేరాం. అక్క ముఖం వెలిగిపోతోంది. కాసేపటికి నా భుజం తట్టింది.

“డప్పు ఇనబడ్తున్నది. పాట ఏమని పాడుతున్నదే?”

మైకు సరిగ్గా మా కిటికీకి ఎదురుగానే ఉంది. హాస్యమాడుతోందేమోనని ఆమె వైపు చూశాను. ఆమె నా పెదాలనే చూస్తోంది. కొన్నాళ్లుగా నీలం తలుపు ఆల్బమ్ వింటూ “గీడ పిల్లనగ్రోవి వస్తది గద, వచ్చిందా?” అని అడుగుతుంటే, నాకు పరీక్ష పెడుతోందనుకునేదాన్ని. అది పరీక్ష కాదని అప్పుడు తెలిసింది.

తర్వాత కొద్ది రోజులకే ఆమె దిద్దిన నా ఫైలొకటి నా దగ్గరికి వచ్చింది. గుండె జబ్బు మనిషికి మందు మోతాదు. నేను ఫిఫ్టీన్ అని రాస్తే ఆమె దాన్ని ఫిఫ్టీ చేసింది. తీసుకెళ్లి చూపించాను. ఆమె చాలాసేపు, కళ్లు మూసుకుని మళ్లీ మళ్లీ విని, హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

“ఆఖరు ముక్క నాకు వస్తలేదు మాధవీ.”

“చెవిలో ఏదో అడ్డుపడి ఉంటుందక్కా. డాక్టరుకు చూపిద్దాం.”

“మా అమ్మకు గింతే. నలభై రాకముందే పొయినయ్. ఊర్ల అందరు చెవిటిది, చెవిటిది అనుకుంట అసలు పేరే మరిసిపొయిన్రు.”

నేను బతిమాలాను. మీ ఫైళ్లన్నీ నేను కూడా వింటాను, ఎవరికీ తెలియదు అన్నాను. తల అడ్డంగా ఊపింది. “ఇయ్యాల నువ్వు పట్టినవ్. ఎవరు పట్టనియి ఎన్ని పొయినయో, ఎవలు ఏం మింగిన్రో.” ఎవరూ అడగకముందే మేనేజర్ గదిలోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పి, ఆ రోజే ఉద్యోగం మానేసింది. దవాఖానలో చెవి నరం దెబ్బతిన్నదని, అది తిరిగి రాదని చెప్పారు. బంద్‌ల వల్ల ఫైళ్లు ఆలస్యమై, ఆ అమెరికా వాళ్లు పని ఇంకెక్కడికో మార్చుకుంటే, కొన్ని నెలలకు మా ఆఫీసే మూతపడింది. వినికిడి మిషను పెట్టించుకున్నాక ఆమెను చూడ్డానికి వెళ్లాను. మొదటే నీలం తలుపు ఆల్బమ్ పెట్టుకుందట.

“మాట జర తెలుస్తది. గిది మాత్రం రేకు డబ్బల రాళ్లు వోసి ఊపినట్టున్నది” అని నవ్వబోయింది. కుదరలేదు.

రాష్ట్రం వచ్చిందని టీవీలో చెప్పిన సాయంత్రం షేర్ ఆటోలో మీర్‌పేట్ వెళ్లాను. నాన్న వద్దన్నారు, అయినా వెళ్లాను. దారంతా గులాల్, టపాకాయలు, బండ్ల మీద పిల్లల కేకలు. అక్క గేటు దగ్గర నిలబడి ఉంది. అప్పటికి మిషనుతో కూడా పెద్దగా లాభం లేదు. నన్ను కౌగిలించుకుని “వచ్చిందే మాధవీ” అంది. తర్వాత పైకి ఎగిరి విచ్చుకునే నిప్పురవ్వలను చూస్తూ నిలబడిపోయింది.

“సప్పుడు బాగున్నదా?”

“చాలా పెద్దగా ఉందక్కా” అని ఆమె ముఖానికి ఎదురుగా నిలబడి చెప్పాను.

“ఇన్నేండ్లు సూస్తి. గీ ఒక్క దినం జై తెలంగాణ అంటుంటే చెవినిండ ఇందామనుకుంటి.”

చుట్టూ అందరూ అదే అరుస్తున్నారు.

నాకు పెళ్లయింది, నాగోల్‌కు మారాను, పాప పుట్టింది. ఆల్బమ్‌లు వెతకడం మాత్రం మానలేదు. ఒక ఆదివారం పొద్దున ఆ నీలం తలుపు బృందం డ్రమ్మరు కొడుకు, తన తండ్రి పెట్టెలో దొరికిన టేపును ఇంటర్నెట్‌లో పెట్టాడు. రెండో ఆల్బమ్. చేతులు ఒళ్లో పెట్టుకుని చివరిదాకా విన్నాను. అందులో వాళ్లు పెద్దవాళ్లయ్యారు. మొదటిదానిలోని తొందర పోయింది, ఒక్క స్వరం కూడా వృథా కాలేదు. ఉన్నపళంగా మీర్‌పేట్ బయల్దేరాను. ఆమెకు చెప్పకుండా ఎలా ఉండను అనే తప్ప, చెబితే ఏమవుతుందని దారిలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

అక్క ఇంట్లోనే జాకెట్లు కుడుతోంది. అప్పటికి పూర్తిగా పెదాలు చూసి మాట పట్టుకోవడమే. ఫోన్‌లో ఆ పేజీ చూపించాను. బృందం పేరు చదివి, కుట్టుమిషను తొక్కడం ఆపి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. పాటల పేర్లు ఒక్కొక్కటీ వేలితో తాకుతూ కిందికి వెళ్లింది. తర్వాత తలెత్తింది.

“ఇన్నవా?”

“విన్నానక్కా.”

“ఎట్లున్నది? మొదటిదాని లెక్క ఉన్నదా?”

“మొదటిదాని కంటే బాగుంది.”

ఫోన్ నా చేతిలో పెట్టేసింది.

“అబద్ధం జెప్పొచ్చు గదనే” అంది. మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. నేను లేచేదాకా తలెత్తలేదు.

ఇప్పటికీ ఫోన్‌లో మెసేజ్‌లు పెట్టుకుంటాం. తిన్నవా అంటుంది, పాపకు జ్వరం తగ్గిందా అని అడుగుతుంది. సంగీతం మాట ఆమె ఎత్తదు, నేనూ ఎత్తను. ఆమె నేర్పిన వినడం మాత్రం నాలో ఉండిపోయింది, భయంతో సహా. ఎక్కడో ఎవరికీ అక్కర్లేని ఒక ఆల్బమ్ దొరుకుతుంది, చివరిదాకా వింటాను, అది ముగుస్తుంది. ఆ నిశ్శబ్దం పాట అయిపోవడం వల్లా, నా చెవి పోవడం వల్లా అన్నది ఒక్క క్షణం తెలియదు. అప్పుడు ఏదో ఒక నెపంతో పక్కగదిలోని పాపను పిలుస్తాను. అది పలికేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుంటాను.