బీటలు వారిన ఏప్రన్

ఆ ల్యాబులో పద్నాలుగేళ్లుగా ఎక్స్‌రేలు తీస్తున్న ఆమెను అందరూ ఎక్స్‌రే అక్క అంటారు. కిరణాలు ఒంటికి తగలకుండా ఆమె వేసుకునే సీసపు ఏప్రన్ పాతబడింది. అనుమానమొచ్చి ఒకరోజు ఆ ఏప్రన్‌కే ఎక్స్‌రే తీసింది. లోపలి సీసం ఎండిన మడిలా బీటలు వారి ఉంది. ఫిల్ము చూపిస్తే ల్యాబు ఓనరు నవ్వేశాడు.

"పైకి బాగానే ఉందిగా! నీకన్నీ అనుమానాలేనమ్మా."

అక్క ఆ ఫిల్మును బీరువాలో దాచింది.

మూడేళ్లకు ఓనరు తన తల్లికి ఛాతీ ఎక్స్‌రే తీయించడానికి వచ్చాడు. ముసలావిడకు చెవుడు, పైగా సొంతంగా నిలబడలేదు. పట్టుకుని నిలబడాల్సింది కొడుకే. అక్క ఆ ఏప్రన్‌నే తెచ్చి అతనికి తొడిగింది. పాత ఫిల్మును అతని ఎదురుగా లైటు పెట్టె మీద తగిలించింది.

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. "వేరేది లేదామ్మా?"

"పైకి బాగానే ఉందిగా సార్! మీకన్నీ అనుమానాలే."

కిరణాలు తగలని అడ్డుగోడ వెనక్కి వెళ్లి, "ఊపిరి బిగబట్టండి" అంది. తల్లికి వినపడలేదు. కొడుకు బిగబట్టాడు.

ఎక్స్‌రే క్షణంలో అయిపోయింది. "వదలండి" అనడానికి మాత్రం అక్క తొందరపడలేదు.