తాబేళ్ళకు అడ్డుపట్టిన పట్టుచీర

మారతహళ్ళిలో మా ఫ్లాట్ బాల్కనీలోంచి రింగ్ రోడ్డు తప్ప మరేమీ కనబడదు. అందుకే, సముద్రం ఒడ్డున గుడారాల్లో ఉంటూ తాబేలు పిల్లల్ని నీళ్ళలోకి సాగనంపే యాత్ర ఒకటుందని తెలియగానే నా పేరూ మా ఆయన పేరూ ఇచ్చేశాను. ఫోన్లు పక్కన పెట్టి ఇద్దరం నాలుగు మాటలు చెప్పుకోవచ్చని నా ఆశ. తీరా బయలుదేరే ముందురోజు ఆయన ఆఫీసులో ఏదో కొంప మునిగింది.

"నా బదులు అమ్మను తీసుకెళ్ళు," అన్నాడు, సినిమా టికెట్టు చేతులు మార్చినంత తేలిగ్గా.

మా అత్తగారు పుట్టి పెరిగింది మా నగరంలోనే పాతపేట అయిన నగర్తపేటలో; మాటల్లో కన్నడం కలుస్తుంది. తాబేళ్ళ మాట వినగానే ఆమె టెంకాయ, పసుపు, కుంకుమ, ధర్మవరం పట్టుచీర సంచిలో సర్దుకుంది.

"అక్కడ గుడి లేదత్తయ్యా, ఉత్త ఇసుక," అన్నాను.

"గుడి లేకుంటే ఏమమ్మా, కూర్మావతారం ఉండాది గదా. దర్శనానికి పట్టుచీర లేకుండా పోతారా ఎవరన్నా?"

బస్సులో మిగతా అందరూ నిక్కర్లు, స్టీలు నీళ్ళసీసాలతో ఉన్న కుర్రకారు. నేను ఆమెతో రాలేదన్నట్టు కిటికీవైపు తిరిగి కూర్చున్నాను.

శిబిరం నడిపే అమ్మాయి దిగగానే నియమాలు చెప్పింది. ప్లాస్టిక్ వద్దు, సెంటు వద్దు, ఒడ్డున తెల్లటి వెలుతురు వద్దు, గట్టిగా మాట్లాడొద్దు. అత్తగారు తెచ్చిన నిప్పట్ల, అంటే కారం చెక్కల, ప్లాస్టిక్ కవరును స్వాధీనం చేసుకున్నారు. లోపలి నిప్పట్లను అక్కడికక్కడే పంచుకు తింటే ప్రకృతికి హాని ఏమీ లేదని తేల్చుకున్నారు.

గుడ్లున్న చోట చుట్టూ వలకంచె కట్టి ఉంది. పొద్దు వాలాక అందరినీ అక్కడికి రమ్మన్నారు. అత్తగారు సంచి భుజాన వేసుకునే వచ్చింది.

"గుడారంలో పెట్టి రావచ్చు కదా?"

"బీగం లేని ఇంట్లో పట్టుచీర పెట్టి వచ్చేదా?"

ఇసుక కదిలింది. బొటనవేలంత తలలు, తర్వాత రెక్కల్లాంటి కాళ్ళు. ఒకదాని మీదుగా ఒకటి పాకుతూ పిల్లలు బయటికొచ్చాయి. వాటిని చేత్తో ఎత్తకూడదట, వాటంతటవే నడవాలట. మసక చీకట్లో నీళ్ళ మెరుపే వాటికి దారి అని ఆ అమ్మాయి గుసగుసగా చెప్పింది. మేం ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నాం.

సరిగ్గా అప్పుడే మా వెనక భోజనాల పాక చుట్టూ కట్టిన సీరియల్ లైట్లు భగ్గున వెలిగాయి. అవి సౌరశక్తి లైట్లు. చీకటి పడితే వాటంతటవే వెలుగుతాయనీ, పర్యావరణానికి మేలనీ పొద్దున మాకు గర్వంగా చూపించినవే.

పిల్లలు ఆగాయి. ఒక్కొక్కటీ సముద్రానికి వీపు తిప్పి పాకవైపు నడక మొదలుపెట్టింది. ఆ అమ్మాయి పాక దగ్గరికి పరుగెత్తింది. స్విచ్చున్న గదికి తాళం వేసుకుని కాపలామనిషి చేపలకోసం ఊళ్ళోకి వెళ్ళాడట. కుర్రాళ్ళు వరసగా అడ్డం నిలబడ్డారు గానీ కాళ్ళ సందుల్లోంచి వెలుగు వస్తూనే ఉంది.

"సుమ్నే ఊరికే నిలబడుకుంటే ఎట్లప్పా?" అంటూ అత్తగారు సంచి విప్పింది. ముదురాకుపచ్చ చీర, జానెడు జరీ అంచు.

"అత్తయ్యా, పట్టుచీర!"

"తెలుసులే. ఆ కొస పట్టుకో. కిందికమ్మా, ఇసకకు తగలల్ల."

నేను మోకాళ్ళ మీద కూలబడి కొస పట్టుకున్నాను. మధ్యలో కుర్రాళ్ళు తలా ఒక చోట పట్టుకున్నారు. అంచు తడి ఇసుకలో కూరుకుంది. మా ముందు మళ్ళీ చీకటి పడింది. పిల్లలు కాసేపు తికమకపడి, మెల్లగా ఇటు తిరిగాయి.

"పోండప్పా, అట్ల పోండి. బేగ పోండి," అని అత్తగారు నియమాలన్నీ మరిచి గట్టిగా కేకలేసింది. ఎవరూ ఆపలేదు. ఒకదాన్ని అల వెనక్కి తోసి వెల్లకిలా పడేసింది. అది కాళ్ళాడించి, బోర్లాపడి, మళ్ళీ వెళ్ళింది. పక్కకు చూస్తే అత్తగారి కళ్ళు తడిగా ఉన్నాయి.

పిల్లలన్నీ నీళ్ళలోకి వెళ్ళిపోయాక కాపలామనిషి చేపల బుట్టతో వచ్చాడు. సంగతి విని పరుగెత్తి లైట్లు ఆపాడు. అందరూ చప్పట్లు కొట్టారు, అతనికి.

మర్నాడు బస్సెక్కుతుంటే శిబిరం అమ్మాయి నా దగ్గరికొచ్చింది. వచ్చే నెలలో ఇంకో గూట్లో గుడ్లు పగిలి పిల్లలొస్తాయనీ, చేతులు చాలవనీ అంది. తప్పకుండా వస్తానన్నాను.

"మీకు పనులుంటాయి కదా మేడమ్, ఇబ్బంది పడకండి," అంది మర్యాదగా. "అమ్మగారిని పంపండి చాలు."

ఆ తర్వాత మా అత్తగారు చాలాసార్లే వెళ్ళొచ్చింది. మమ్మల్ని ఒక్కసారీ పిలవలేదు.