ఆక్యురసీ, ప్రెసిషన్, మునెమ్మ పాలు

ముందు పోయినవాటి లెక్క చెబుతాను. పదకొండు రోజులు. రోజుకు రెండు పూటలు కాబట్టి ఇరవై రెండు పూటలు. పూటకు ఆరు లీటర్ల చొప్పున నూట ముప్పై రెండు లీటర్ల ఆవుపాలు. అందులో కొంత పెరుగైంది, కొంత చుట్టుపక్కల ఇళ్లకు పోయింది, మిగతాది దూడ తాగి బలిసింది. డెయిరీకి మాత్రం ఒక్క చుక్క చేరలేదు. చేరనివ్వనివాణ్ణి నేనే.

కరోనా తగ్గిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను పాకాల చుట్టుపక్కల పద్నాలుగు పాలకేంద్రాలకు సూపర్‌వైజరుగా వేశారు. నేను చదివింది పదో తరగతి. ఒక ప్రైవేటు డెయిరీలో క్యాన్లు కడిగే పనికి చేరి, టెస్టర్ల పక్కన నిలబడి శాతాలు, దశాంశాలు సొంతంగా నేర్చుకుని అక్కడిదాకా వచ్చాను. సూపర్‌వైజరంటే ఊళ్లోని పాలకేంద్రం కార్యదర్శికి పైన, శీతలీకరణ కేంద్రం మేనేజరుకు కింద. తూకం, పరీక్ష, రికార్డు సరిగా ఉన్నాయని చూసి సంతకం పెట్టడం నా పని.

ఆ ఏడే పాత యాసిడ్ పరీక్ష తీసేసి కేంద్రానికొక మిల్క్ ఎనలైజర్ ఇచ్చారు. చిన్న కప్పుడు పాలు పెడితే నిమిషంలో వెన్న శాతం చూపించే పెట్టె అది. నెలకోసారి దానికి తనిఖీ పత్రం నింపాలి. అందులో రెండు గడులుండేవి. ఒకటి ఆక్యురసీ, రెండోది ప్రెసిషన్. డిక్షనరీ తీసి చూస్తే రెండింటికీ ఖచ్చితత్వం అనే ఉంది. ఇంగ్లీషువాళ్లు బలం కోసం ఒకే సంగతిని రెండు మాటల్లో చెబుతారేమో అనుకున్నాను. ఒకే పాలను మూడుసార్లు పెట్టేవాణ్ణి. మూడుసార్లూ ఒకే అంకె వస్తే రెండు గడుల్లోనూ టిక్కు.

ఒక సాయంత్రం చెంగల్రాయుడనే కార్యదర్శి ఫోన్ చేశాడు. వాళ్ల ఊళ్లో మునెమ్మ పాలల్లో వెన్న మూడున్నర శాతం కంటే తగ్గింది. అంతకు తగ్గితే తిప్పి పంపాలని డెయిరీ నిబంధన. ఆమె పంతొమ్మిదేళ్లుగా పాలు పోస్తున్న మనిషి, వద్దని చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

మర్నాడు పొద్దున నేనే వెళ్లాను. మూడుసార్లు పరీక్ష పెట్టాను. మూడుసార్లూ మూడు పాయింట్ ఒకటి. వరసలో అందరూ చూస్తుండగా, నీళ్లు కలిశాయక్కా, ఇక తీసుకోవడం కుదరదు అన్నాను. ఆమె క్యాను మూత బిగించుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం మళ్లీ తెచ్చింది. మర్నాడూ తెచ్చింది. చెంగల్రాయుడు రోజూ ఫోను. "వద్దని చెప్పినా తెస్తానే ఉండాది సార్. వరసలో నిలబడుతుంది, పరీక్ష పెట్టించుకుంటుంది, తిరిగి మోసుకుపోతుంది. నేను తలెత్తి సూడలేకుండా ఉండాను." నిబంధన ప్రకారమే పొమ్మన్నాను.

పదకొండో రోజు సాయంత్రం వెళ్లి ఆమెనే అడిగాను, తీసుకోని పాలు ఎందుకు మోస్తావక్కా అని.

"తేకపోతే ఒప్పుకున్నట్టు గదబ్బా."

"మూడుసార్లు పెట్టి చూసినాను గదక్కా. మూడుసార్లూ అదే వచ్చింది."

"మా ఊర్లో ఒకడుండాడు. ఎన్నిసార్లు అడిగినా ఒకే అబద్ధం చెప్తాడు, ఒక్క మాట తేడా రాదు. అట్లని వాణ్ణి నమ్ముతామా?"

వెనక నుంచి ఎవరో, "చెంగల్రాయా, నిన్నే" అన్నారు. వరసంతా నవ్వింది. చెంగల్రాయుడు కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ నెల తనిఖీ పత్రం నా సంచిలోనే ఉంది. పెట్టె తన మాట తాను తప్పకుండా నిలబడుతోందా అని ఒక గడి అడుగుతోంది. అది ప్రెసిషన్. చెప్పిన మాట పాలల్లో ఉన్నదానితో సరిపోతోందా అని రెండోది అడుగుతోంది. అది ఆక్యురసీ. ఇన్ని నెలలుగా నేను మొదటి ప్రశ్నకు జవాబు చూసి రెండింటికీ టిక్కు పెట్టాను.

మర్నాడు పొద్దున శీతలీకరణ కేంద్రం బీరువాలోని పాత పరీక్ష సామాను తీసుకుని నేరుగా ఆమె కొట్టం దగ్గరికి వెళ్లాను. నా ఎదుటే పిండింది. గీతలున్న గాజు గొట్టంలో పది మిల్లీలీటర్ల యాసిడ్, దాని మీద పదీ ముప్పావు పాలు, ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ పోసి బిరడా పెట్టి కలిపాను. కేంద్రానికి తెచ్చి చేత్తో తిప్పే యంత్రంలో ఐదు నిమిషాలు తిప్పి, వేడినీళ్లలో ఉంచి తీస్తే వెన్న పైకి తేలి గీత దగ్గర నిలిచింది.

"ఎంతబ్బా?"

"మూడు పాయింట్ ఆరు."

"అంతే. అది ఎప్పుడూ అంతే. గీత మీద ఒక్క కాలితో నిలబడే ఆవు."

అవే పాలు పెట్టెలో పెడితే మూడు పాయింట్ ఒకటి. ఇంకో నలుగురి పాలు రెండు విధాలా చూశాను. అందరికీ అర శాతం తక్కువే చూపిస్తోంది. మిగతావాళ్ల పాలు చిక్కన కాబట్టి అర తగ్గినా మూడున్నరకు పైనే ఉన్నాయి. ఎండలకు వెన్న తగ్గిందిలే అని వాళ్లు ఊరుకున్నారు. గీత కిందికి జారింది మునెమ్మ ఒక్కతే. ఇంజనీరు వచ్చి పెట్టె విప్పితే లోపలి గొట్టంలో బోరునీళ్ల ఉప్పు పేరుకుని ఉంది. అది కడిగించి, అంకెలు సరిచేయించి, మేనేజరుకు నా తప్పుతో సహా నివేదిక రాసిచ్చాను.

మిగతావాళ్లకు తగ్గిన శాతానికి డబ్బు డెయిరీ కలిపి ఇచ్చింది. తిప్పి పంపిన పాలకు చీటీ ఉండదు, కాబట్టి మునెమ్మకు ఏమీ రాలేదు. నా జీతంలోంచి ఇస్తానంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నీ దుడ్లు నాకెందుకు? నీళ్లు కలిసినాయని నువ్వు చెప్పిన పొద్దు వరసలో ఎంతమందుండారు?"

చీటీలు తిరగేశాను. ఆమె కాక ఇరవై ముగ్గురు.

"ఆ ఇరవై ముగ్గురికీ చెప్పు. ఇంటింటికీ పోయి చెప్పు. గుంపులో చెప్తే సగం మంది ఇనరు."

పేర్లు రాసుకుని, పని అయ్యాక రోజుకు ఇద్దరి ముగ్గురి చొప్పున వెళ్లాను. తప్పు నాదీ పెట్టెదీ, మునెమ్మ నీళ్లు కలపలేదు అని చెప్పడం, పేరు పక్కన టిక్కు పెట్టుకోవడం. ఒక పెద్దాయన అంతా విని, "నీళ్లు కలపలేదా? మరి వాళ్లింట్లో కాఫీ అట్లెందుకుంటుంది?" అన్నాడు. ఆ సంగతి మునెమ్మకు చెబితే, "ఆయనకిచ్చేది అట్లానే ఇస్తాను" అంది.

ఇరవై ఒక్క టిక్కులు పడ్డాయి. ఒకాయన నేను వెళ్లేలోపే చనిపోయాడు. కొడుక్కి చెప్పాను గానీ మునెమ్మ ఒప్పుకోలేదు. విన్నది తండ్రి, కొడుక్కి చెబితే అది లెక్కలోకి రాదంది. ఇంకొకామె ఇటుకబట్టీ పనికి కుటుంబంతో సత్యవేడు వైపు వెళ్లిపోయింది. రెండుసార్లు వెతుక్కుంటూ పోయాను, దొరకలేదు.

నిరుడు స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకున్నాను. ఈ పనిలో కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. ఒకే జవాబు మూడుసార్లు వస్తే పరికరం నిలకడగా ఉందని మాత్రమే తెలుస్తుంది. ఆ జవాబు నిజమో కాదో తేల్చడానికి దానితో సంబంధం లేని ఇంకో పద్ధతి కావాలి. ఒక మనిషిని వద్దని తిప్పి పంపేముందు ఆ రెండో పరీక్ష చేసి తీరాలి.

పాకాల బజారులో మునెమ్మ ఎదురుపడితే ఇప్పటికీ మొదట అడిగేది, ఎంతకొచ్చిందబ్బా అని. ఇంకా ఇద్దరు.