రెండు తాటిచెట్ల ఎత్తు

మా ఆయనకు ఆటోనగర్‌లో లారీల కింద కుదుపులు ఆపే ఇనప పట్టీల కమాను కట్టలు బాగుచేసే షెడ్డు ఉంది. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. రోడ్డు మీద పోతున్న బండి చప్పుడు విని కట్టలో ఏ పట్టీ విరిగిందో చెప్పేస్తారు. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర పక్క లారీ డ్రైవర్ని పిలిచి మరీ చెబుతారు. ఎవరడిగారండీ ఈయన్ని? ఎవరూ అడగరు.

పోయినేడు నా మోకాళ్ళు రెండూ మార్చాలన్నారు డాక్టరు గారు. మార్చాక నడవొచ్చట గానీ, వందల మెట్లు దిగడం, ఎక్కడం ఇక మర్చిపొమ్మన్నారు. నాకు రోషం వచ్చింది. పెళ్ళైన కొత్తలో క్యాలెండర్లో జలపాతం బొమ్మ చూసి, ఇద్దరం అలాంటి దాని కింద నిలబడాలని అడిగాను. "చూద్దాంలే" అన్నారు. ఆ చూద్దాంలేకి ఇరవై ఎనిమిదేళ్ళు. ఆపరేషన్‌కి ముందే తీసుకెళ్ళాలని పట్టుబడితే, నాలుగు రోజులు షెడ్డు మూసి మధ్యప్రదేశ్‌లో ఒక నేషనల్ పార్కుకి తీసుకెళ్ళారు.

రైలూ బస్సూ కలిసి ఒళ్ళు హూనం చేశాయి. అడవిలోకి పార్కు వాళ్ళ జీపులోనే వెళ్ళాలి. దారి పొడవునా ఇసుకరాయి కొండలు, కమాను కట్టల్లాగే పట్టీ మీద పట్టీ పేర్చినట్టున్నాయి. ఇంత దూరం వచ్చినా నాకు ఇవే! చేత్తో రుద్దితే ఇసుక రాలుతోంది. జలపాతానికి మూడు వందల పైచిలుకు మెట్లు దిగాలనీ, సాయంత్రం నాలుగు దాటితే ఎవర్నీ దిగనివ్వరనీ డ్రైవర్ ముందే చెప్పాడు.

ఇంకో రెండు కిలోమీటర్లు ఉందనగా ఆయన చెవులు రిక్కించారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"వద్దండీ. ఈ ఒక్కరోజు వినబడనట్టు ఊరుకోండి."

"వెనక కట్టలో పట్టీలన్నీ పట్టి ఉంచే సెంటర్ బోల్టు తెగిందే. ఈ ఘాట్‌లో ఇలా పోతే ఇంకేమన్నా ఉందా?"

వచ్చీరాని హిందీలో బండి ఆపించి, జాకీ పెట్టించి, కిందికి దూరిపోయారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది! నేను రాయి మీద కూలబడ్డాను. మూడుంబావు దాటింది. అప్పుడే వెనక జీపు వచ్చి ఆగింది. గుంటూరు నుంచి వచ్చిన కొత్త జంట.

"రండాంటీ, మా బండిలో చోటుంది" అంది ఆ అమ్మాయి.

"ఏవండీ, వచ్చేయండి. వాళ్ళ బండి వాళ్ళు చూసుకుంటారు" అన్నాను. బయటికి పాదాలే కనిపిస్తున్నాయి.

"నువ్వు పద. పది నిమిషాల్లో నీ వెనకే ఉంటా. దీన్ని ఇలా వదిలేస్తే రేపు ఎవరి పిల్లలెక్కుతారో."

వాళ్ళ జీపెక్కి వెళ్ళాను. ఒక్కో మెట్టుకీ ప్రాణం కళ్ళలోకి వచ్చింది. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని కిందికి దిగి, నీళ్ళ కింద నిలబడ్డాను. చల్లగా, బరువుగా వీపు మీద పడ్డాయి. నాలుగైంది. నాలుగుంబావు అయింది. కోపంతో ఏడుపొచ్చింది.

పైకి ఎక్కి వచ్చేసరికి మెట్లకు అడ్డంగా తాడు కట్టేశారు. తాడుకి అవతల నల్లటి చేతులతో ఆయన నిలబడి ఉన్నారు.

"వదల్లేదే, ఎంత బతిమాలినా" అన్నారు. చేతులు తుడుచుకుంటూ, "ఎలా ఉంది?" అని అడిగారు.

తిట్టే ఓపిక కూడా లేదు నాకు. "రెండు తాటిచెట్ల ఎత్తుంది" అన్నాను.

ఇప్పుడు మోకాళ్ళు మార్చారు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకూ మా ఆయన చెబుతున్నారు. "జలపాతమంటే అదండీ! రెండు తాటిచెట్ల ఎత్తు." వాళ్ళు ఔనా అని నా వైపు చూస్తే నేను తలూపుతాను.

అది ఎంత ఎత్తుందో నాకు తెలియదు. అక్కడున్నంతసేపూ తలెత్తి పైకి చూడనేలేదు. గుంటూరు అమ్మాయి పంపిన ఫోటోలో కూడా, నీళ్ళకు వీపు పెట్టి, ఆయన దిగి వస్తున్నారేమోనని మెట్లకేసే చూస్తున్నాను.